బ్రోకరేజీలు డౌన్‌గ్రేడ్ చేసిన స్టీల్ షేర్‌ని ఎవరు కొనగలరు?

 

ఈ మధ్య నాకు రెండు రకాల మెసేజ్‌లు ఎక్కువగా వస్తున్నాయి. మొదటిది, "అన్నా, ఫలానా మెటల్ షేర్ పీఈ 4 ఉంది, ఇంత చీప్‌గా ఇంకేదీ లేదు, కొనేయనా?" రెండోది, "బ్రో, నా దగ్గరున్న స్టీల్ షేర్‌ని బ్రోకరేజ్ వాళ్లు డౌన్‌గ్రేడ్ చేశారు, సెల్ అంటున్నారు, అమ్మేయాలా?" చూడ్డానికి వేర్వేరు ప్రశ్నల్లా ఉన్నాయి కదా. కానీ రెండింటి వెనక ఉన్న విషయం ఒక్కటే. ఈ రకం షేర్లలో మనం మామూలుగా నమ్మే లెక్కలు తిరగబడి పనిచేస్తాయి. చీప్‌గా కనిపించేటప్పుడు ఖరీదైనవి అయ్యుంటాయి, చెత్తగా కనిపించేటప్పుడు చీప్ అయ్యుండొచ్చు. "అయ్యుండొచ్చు" అనే మాట గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందే ఒక మాట. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఈ కెమెరా ముందుకొచ్చిన మనిషిని. సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్‌ని కాదు. ఇవాళ చెప్పే కంపెనీల పేర్లు పాఠం అర్థం కావడానికే. కొనమని కాదు, అమ్మమనీ కాదు. ఓకే? స్టార్ట్ చేద్దాం.

సైక్లికల్ అంటే ఏంటి?

2023 జులై గుర్తుందా? మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో వంద దాటి, నూట యాభై కూడా దాటేసింది. టమాటా లేకుండా పప్పు ఎలా చేయాలని ఇళ్లలో డిస్కషన్లు నడిచాయి. అదే ఏడాది సెప్టెంబరుకి వచ్చేసరికి ధర ఎంత పడిపోయిందంటే, రాయలసీమలో కొంతమంది రైతులు కోత కూలి కూడా గిట్టదని పంటని రోడ్డు పక్కన పారబోశారు. మధ్యలో గడిచింది రెండు నెలలే.

ఏం జరిగింది? ధర చూసి చాలామంది ఒకేసారి నాటారు, అందరి పంటా ఒకేసారి మార్కెట్‌కి వచ్చింది. ధర కూలింది. ధర కూలాక చాలామంది ఆ పంట మానేస్తారు. అప్పుడు సరుకు తగ్గి, ధర మళ్లీ లేస్తుంది. ఇదే సైకిల్. మన ఊళ్లలో టమాటాకీ, మిర్చికీ, ఉల్లికీ ఇది అందరికీ తెలిసిన కథే.

స్టీల్‌దీ ఇదే కథ, కాకపోతే స్లో మోషన్‌లో నడుస్తుంది. టమాటా రెండు మూడు నెలల్లో కాపుకొస్తుంది. కొత్త స్టీల్ ప్లాంట్ కట్టాలంటే భూమి, పర్మిషన్లు, మెషినరీ అన్నీ కలిపి ఏళ్లు పడుతుంది. ధర బాగున్నప్పుడు మొదలుపెట్టిన ప్లాంట్ పూర్తయ్యేసరికి ధర పడిపోయి ఉండొచ్చు. అందుకే ఇక్కడ సైకిల్‌ని నెలల్లో లెక్కపెట్టం, ఏళ్లలో లెక్కపెడతాం.

స్టీల్ ఒక్కటే కాదు. సిమెంట్, షుగర్, షిప్పింగ్, కొన్ని కెమికల్స్, లారీలు తయారుచేసే కంపెనీలు, ఇనుప ఖనిజం తవ్వే కంపెనీలు, ఇవన్నీ సైక్లికల్సే. ఖనిజం అంటే మన హైదరాబాద్‌లోనే హెడ్ ఆఫీస్ ఉన్న ఎన్‌ఎండీసీ దానికి ఎగ్జాంపుల్. అదే సబ్బులు, టూత్‌పేస్ట్ అమ్మే కంపెనీని తీసుకోండి. దేశంలో పరిస్థితి ఎలా ఉన్నా మనం పొద్దున్నే పళ్లు తోముకోవడం మానం కదా. దాని లాభం ఏడాదికేడాది మరీ అంతలా ఊగదు. సైక్లికల్ కంపెనీ లాభం మాత్రం ఉయ్యాలలా ఊగుతుంది.

లాభం ఎందుకు అంతలా ఊగుతుంది?

ఒక ఊహా లెక్క తీసుకుందాం. ఒక ప్లాంట్‌లో టన్ను స్టీల్ తయారుచేయడానికి 45,000 రూపాయలు ఖర్చవుతుంది అనుకోండి. మార్కెట్‌లో ధర 50,000. టన్నుకి 5,000 లాభం.

ఇప్పుడు ధర 20 శాతం పెరిగి 60,000 అయింది, ఖర్చు అంతే ఉంది. లాభం 15,000. అంటే ధర పెరిగింది 20 శాతం, లాభం మూడింతలు. అదే ధర 12 శాతం తగ్గి 44,000కి వస్తే? టన్నుకి వెయ్యి నష్టం. ప్లాంట్ అదే, పనిచేసే మనుషులూ అదే, తయారయ్యే స్టీల్ కూడా అదే. లాభం మాత్రం ఎక్కడి నుంచి ఎక్కడికో పోయింది.

"నష్టం వస్తుంటే ఆపేయొచ్చు కదా?" అని మీరు అడగొచ్చు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ స్టవ్ లాంటిది కాదు, అవసరమైనప్పుడు వెలిగించి, లేనప్పుడు ఆర్పడానికి. ఆపితే మళ్లీ మొదలుపెట్టడం పెద్ద ఖర్చు, పెద్ద రిస్క్. అందుకే నష్టంలో కూడా నడుపుతూనే ఉంటారు. అందరూ అలాగే నడుపుతారు కాబట్టి మార్కెట్‌లో సరుకు తగ్గదు, ధర ఇంకొన్నాళ్లు కిందే ఉంటుంది.

పైగా ధర కంపెనీ చేతిలో ఉండదు. ప్రపంచంలో తయారయ్యే స్టీల్‌లో సగానికి పైగా చైనాదే. అక్కడ ఇళ్లు కట్టడం తగ్గితే, మిగిలిన స్టీల్ బయటి దేశాలకి తక్కువ రేటుకి వస్తుంది. జంషెడ్‌పూర్‌లో ఎంత కష్టపడి పనిచేసినా, ఆ రోజు రేటుని చాలావరకు బయటి మార్కెట్టే డిసైడ్ చేస్తుంది.

తలకిందులయ్యే పీఈ

ఇప్పుడు నిజం నంబర్లు చూద్దాం. టాటా స్టీల్ గ్రూప్ మొత్తం నికర లాభం, సుమారుగా:

2019-20లో 1,172 కోట్లు.
2020-21లో 8,190 కోట్లు.
2021-22లో 41,749 కోట్లు.
2022-23లో 8,075 కోట్లు.
2023-24లో 4,900 కోట్లకు పైగా నష్టం.

ఒకే కంపెనీ, ఐదేళ్లు. ఇప్పుడు షేర్ ధర పక్కన పెడదాం. 2022 జులైలో ఒక షేర్‌ని పది చేశారు. నేను చెప్పేవి ఆ స్ప్లిట్‌కి ముందు ధరలు, ఇప్పటి చార్ట్‌తో పోల్చాలంటే పదితో భాగించుకోండి.

2020 మార్చిలో, కోవిడ్ భయంలో, ఈ షేర్ 300 లోపు దొరికింది. ఆ ఏడాది లాభంతో లెక్కేస్తే పీఈ 20కి పైనే. పీఈ అంటే తెలుసు కదా, ఏడాదికి ఒక రూపాయి లాభం కోసం మనం ఎన్ని రూపాయలు పెడుతున్నామో ఆ లెక్క. లాభం బాగా తగ్గిపోయిన ఏడాది కాబట్టి పీఈ ఎక్కువగా కనిపించింది. మామూలు రూల్ ప్రకారం చూస్తే "అబ్బో, ఖరీదు" అని వదిలేస్తాం. కానీ 2021 ఆగస్టుకి అదే షేర్ 1,500 దాటింది.

ఇప్పుడు రెండో వైపు. 2022 మే మొదట్లో కంపెనీ 41,749 కోట్ల రికార్డు లాభం ప్రకటించింది. షేర్ 1,300 దగ్గర ఉంది. పీఈ దాదాపు 4. "ఇంత చీపా!" అనిపించే నంబర్. అదే నెల 21న కేంద్ర ప్రభుత్వం స్టీల్ ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసింది. మార్కెట్ తెరిచిన మే 23న ఒక్క రోజులో షేర్ 10 శాతానికి పైగా పడింది. జూన్ ఆఖరికి 900 కిందికి వచ్చేసింది. ఆ సుంకాన్ని నవంబర్‌లో తీసేశారు గానీ, ఆ ఏడాది లాభం ఎంతకి పడిందో పైన చూశారు కదా.

అంటే, సైక్లికల్ షేర్‌లో పీఈ బాగా తక్కువగా ఉందంటే, చాలాసార్లు అర్థం ఏంటంటే, "ఈ లాభం నిలవదు" అని మార్కెట్ ముందే అనుకుంటోంది. అమెరికన్ ఫండ్ మేనేజర్ పీటర్ లించ్ 1989లో వచ్చిన తన పుస్తకంలోనే ఈ హెచ్చరిక చేశాడు. కొత్త విషయం ఏమీ కాదు. కానీ మన యాప్‌లో స్క్రీనర్ పెట్టి "లో పీఈ" అని ఫిల్టర్ చేస్తే మొదట వచ్చేవి ఇవే.

ఇంకొక విషయం గమనించండి. షేర్ టాప్‌కి వెళ్లింది 2021 ఆగస్టులో. రికార్డు లాభం ప్రకటించింది 2022 మేలో. దాదాపు తొమ్మిది నెలల తేడా. కింద కూడా అంతే. షేర్ అడుగు తాకింది 2020 మార్చిలో. కంపెనీ 4,600 కోట్లకు పైగా త్రైమాసిక నష్టం ప్రకటించింది ఆగస్టులో. ఆ నష్టం వార్త వచ్చేసరికి షేర్ మార్చి అడుగు నుంచి బాగా పైకి వచ్చేసింది. వార్త కోసం ఆగిన వాళ్లకి వార్త దొరికింది, ఆ ధర దొరకలేదు.

2023-24 నష్టం సంగతి కూడా చెప్పాలి. అందులో పెద్ద భాగం బ్రిటన్‌లో పోర్ట్ టాల్బట్ ప్లాంట్ పాత ఫర్నేసులు మూసేయడానికి సంబంధించిన ఖర్చులు, ఆస్తుల విలువ తగ్గించి రాసిన లెక్కలు. అందుకే హెడ్‌లైన్‌లో ఉన్న నష్టాన్ని చూసి ఆగిపోకుండా, అది ఎక్కడి నుంచి వచ్చిందో లోపలికి వెళ్లి చూడాలి.

మరి అనలిస్టులు కిందే ఎందుకు సెల్ అంటారు?

చాలామంది అనుకుంటారు, "వాళ్లు కావాలనే మనచేత అమ్మించి, వాళ్లు కొనుక్కుంటారు" అని. ఆ కుట్ర కథ అవసరం లేదు. లెక్క చూస్తే అర్థమైపోతుంది.

అనలిస్ట్ టార్గెట్ ధర ఎలా వస్తుంది? సింపుల్‌గా చెప్పాలంటే, వచ్చే ఏడాది ఒక్కో షేర్‌కి ఎంత లాభం వస్తుందో అంచనా వేసి, దాన్ని ఒక మల్టిపుల్‌తో గుణిస్తారు. స్టీల్ ధర బాగున్నప్పుడు అంచనా 100 రూపాయలు, మల్టిపుల్ 8 అనుకోండి. టార్గెట్ 800. స్టీల్ ధర పడింది. అంచనా 40కి తగ్గింది. రిస్క్ పెరిగింది కాబట్టి మల్టిపుల్ కూడా 6 చేశారు. టార్గెట్ 240. ఇంతలో షేర్ 800 నుంచి పడి పడి 300కి వచ్చి ఉంది. 300 కంటే 240 తక్కువ. కాబట్టి రిపోర్ట్ మీద "సెల్".

చూశారా, లాభం అంచనా తగ్గించి, మల్టిపుల్ కూడా తగ్గించారు. ఒకే చెడ్డ వార్తకి రెండుసార్లు కోత. పైకి వెళ్లేటప్పుడు ఇదే రివర్స్‌లో జరుగుతుంది, అందుకే టాప్ దగ్గర టార్గెట్లు ఆకాశాన్ని అంటుతాయి.

దీంట్లో ఆయన తప్పు కూడా లేదు. ఆయనకి ఇచ్చిన పని సాధారణంగా పన్నెండు నెలల అంచనా. "మూడేళ్లలో బాగుంటుంది, ఎప్పుడో మాత్రం చెప్పలేను" అని రాస్తే ఆ రిపోర్ట్ ఎవరు చదువుతారు? అందరూ సెల్ అంటున్నప్పుడు ఒక్కడే బై అని ఆరు నెలలు తప్పయితే, ఉద్యోగానికే ఇబ్బంది. మీకు ఆ ఒత్తిడి లేదు. మిమ్మల్ని ప్రతి మూడు నెలలకీ రిజల్ట్ అడిగే బాస్ లేడు. రిటైల్ ఇన్వెస్టర్‌కి ఉన్న కొద్దిపాటి అడ్వాంటేజ్‌లలో ఇది ఒకటి.

అయితే డౌన్‌గ్రేడ్‌ని చింపేయమని చెప్పట్లేదు. మొదటి పేజీలో ఉన్న రేటింగ్ పక్కన పెట్టి, లోపలి పేజీలు చదవండి. డౌన్‌గ్రేడ్‌కి కారణం ఏం రాశారు? "స్టీల్ ధర తగ్గింది, బొగ్గు ధర పెరిగింది" అని ఉంటే అది సైకిల్ గురించి. "అప్పు తీర్చడం కష్టం కావొచ్చు, ఆడిటర్ అభ్యంతరం చెప్పాడు, ప్రమోటర్ షేర్లు తాకట్టులో ఉన్నాయి" అని ఉంటే అది కంపెనీ గురించి. మొదటిది టైమ్‌తో తగ్గే జ్వరం కావొచ్చు. రెండోది అలాంటిది కాదు.

ఇంకో తేడా. బ్రోకరేజ్ ఇచ్చే డౌన్‌గ్రేడ్ వేరు, క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి క్రెడిట్ రేటింగ్ సంస్థలు ఇచ్చే డౌన్‌గ్రేడ్ వేరు. మొదటిది షేర్ ధర గురించి. రెండోది అప్పు తిరిగి కట్టే శక్తి గురించి. ఈ రెండోదాన్ని మాత్రం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. ఆ రిపోర్టులు ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఫ్రీగానే దొరుకుతాయి.

సైకిల్ తిరిగింది, ఓనర్ మారిపోయాడు

ఇక్కడే అసలు విషయం. "పడిన సైక్లికల్ షేర్ ఎప్పటికైనా లేస్తుంది" అని చాలా వీడియోల్లో విని ఉంటారు. ఇది సగం నిజం.

2015కి వెళ్దాం. ఆ ఏడాది చైనా 10 కోట్ల టన్నులకు పైగా స్టీల్‌ని బయటికి ఎగుమతి చేసింది. ప్రపంచమంతా ధరలు కూలాయి. మన ప్రభుత్వం 2016 ఫిబ్రవరిలో, ఇంతకంటే తక్కువ ధరకి దిగుమతి చేయకూడదని స్టీల్‌కి కనీస దిగుమతి ధర పెట్టాల్సి వచ్చింది. అప్పుడు దాదాపు అన్ని స్టీల్ షేర్లూ పడి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా చీప్.

తర్వాత ఏమైంది? 2017 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్, దివాలా చట్టం కింద ముందుగా చర్య తీసుకోమని బ్యాంకులకి 12 పెద్ద ఖాతాలు గుర్తించి ఇచ్చింది. అందులో ఐదు స్టీల్ కంపెనీలే. ఎస్సార్ స్టీల్, భూషణ్ స్టీల్, భూషణ్ పవర్ అండ్ స్టీల్, మోనెట్ ఇస్పాత్, ఎలక్ట్రోస్టీల్ స్టీల్స్. 2018లో భూషణ్ స్టీల్‌ని టాటా స్టీల్ తీసుకుంది. 2019 చివర్లో ఎస్సార్ స్టీల్ ఆర్సెలార్ మిత్తల్, నిప్పాన్ స్టీల్ చేతికి వెళ్లింది.

ఆలోచించండి. స్టీల్ సైకిల్ నిజంగానే తిరిగింది. 2021లో ధరలు దూసుకెళ్లాయి. ఆ ప్లాంట్లు అక్కడే ఉన్నాయి, స్టీల్ తయారవుతూనే ఉంది. కానీ ఆ మంచి రోజుల్లో వచ్చిన లాభం చాలావరకు కొత్త ఓనర్లకి వెళ్లింది. 2016లో "చీప్‌గా ఉంది, ఓపిక పడతా" అని వాటిలో లిస్ట్ అయిన కంపెనీల షేర్లు కొన్నవాళ్ల అంచనా సైకిల్ విషయంలో కరెక్టే. వాళ్లలో కొంతమంది డబ్బు మాత్రం చాలావరకు పోయింది. ఎందుకంటే వాళ్లు ఓపిక పట్టారు గానీ, అప్పిచ్చిన బ్యాంకు ఓపిక పట్టలేదు.

మన విశాఖ స్టీల్ ప్లాంట్ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అది స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాలేదు, కానీ పాఠం మాత్రం ఉంది. 2021-22 బూమ్‌లో అది కూడా 900 కోట్లకు పైగా లాభం చూపించింది. తర్వాతి ఏడాదే మళ్లీ నష్టాల్లోకి వెళ్లింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. దాని కష్టాలకి చెప్పే కారణాల్లో ముఖ్యమైనది, సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోవడం. టాటా స్టీల్‌కి నోవాముండి, జోడా లాంటి చోట్ల గనులు ఉన్నాయి. ఖనిజం సొంతంగా తవ్వుకునేవాడికీ, బయట కొనుక్కునేవాడికీ ధర పడినప్పుడు తేడా తెలుస్తుంది. దానికి తోడు అప్పు, వడ్డీ.

"మరి టాటా స్టీల్‌కి అప్పు లేదా?" ఉంది, చాలా ఉంది. 2020 మార్చి నాటికి నెట్ డెట్, అంటే చేతిలో ఉన్న క్యాష్ తీసేశాక మిగిలే అప్పు, లక్ష కోట్లకు పైనే. అందుకే 300 లోపు దొరికినప్పుడు కొన్నది ఉచిత లడ్డూ కాదు, నిజమైన రిస్క్. సొంత గనులు, వెనక పెద్ద గ్రూప్, అప్పు దొరికే పరపతి ఉన్నాయి కాబట్టి గట్టెక్కింది. మంచి రోజులు రాగానే అప్పు కట్టడం మొదలుపెట్టింది. 2022 మార్చికి ఆ నెట్ డెట్ సుమారు 51,000 కోట్లకి తగ్గింది.

ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

మాది పల్నాడు వైపు. ఇంట్లో మిర్చి పండించేవాళ్లు. గుంటూరు యార్డులో రేటు బాగోకపోతే సరుకుని కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టడం మాకు మామూలే. ఒక ఏడాది రేటు బాగా పడింది. మా తాతయ్యా, మా బాబాయ్, ఇద్దరూ టిక్కీలు కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టారు. ఒకే పంట, ఒకే క్వాలిటీ. ఇద్దరిదీ ఒకే నమ్మకం, రేటు పెరుగుతుందని.

మా బాబాయ్ పెట్టుబడి కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. కొన్ని నెలలయ్యేసరికి అప్పిచ్చినాయన ఇంటికి రావడం మొదలుపెట్టాడు. బాబాయ్ ఆ తక్కువ రేటుకే అమ్మేశాడు. తాతయ్యకి అప్పు లేదు, ఇంట్లో గేదెల పాల డబ్బుతో రోజులు గడిచిపోయేవి. ఆయన రేటు తిరిగేదాకా ఉంచాడు. ఊళ్లో అందరూ "పెద్దాయనకి ఓపిక ఎక్కువ" అన్నారు. మా బాబాయ్‌కి ఓపిక లేక కాదు. ఆయన ఓపికకి నెలనెలా వడ్డీ పడుతోంది, అంతే తేడా.

సైక్లికల్ షేర్లలో నేను అన్నిటికంటే గట్టిగా నమ్మేది ఇదే. ఓపిక అనేది స్వభావం కంటే ఎక్కువగా స్థోమత. కంపెనీకి ఆ స్థోమత ఉండాలి, మీకూ ఉండాలి. ఇద్దరిలో ఏ ఒక్కరికి లేకపోయినా, సైకిల్ తిరిగేలోపే ఆటలోంచి బయటికి వెళ్లిపోతారు.

కంపెనీ స్థోమత ఎలా చూడాలి?

యాన్యువల్ రిపోర్ట్ మొత్తం చదవక్కర్లేదు. నాలుగు చూడండి.

ఒకటి, అప్పు. మంచి ఏడాది లాభంతో పోలిస్తే ఏ కంపెనీ అప్పైనా చిన్నగానే కనిపిస్తుంది. అందుకని గత పదేళ్లలో అతి చెత్త ఏడాది తీసుకోండి. ఆ ఏడాది వచ్చిన ఆపరేటింగ్ లాభంతో వడ్డీ కట్టగలిగిందా? లేదంటే అక్కడే ఆగిపోండి.

రెండు, ఖర్చు. అదే రంగంలో ఉన్న మిగతా కంపెనీలతో పోలిస్తే టన్నుకి ఎంత ఖర్చు పెడుతోంది? ధర పడినప్పుడు ముందు నష్టపోయేది ఎక్కువ ఖర్చు ఉన్నవాడు. వాడు మూసేసేదాకా తక్కువ ఖర్చు ఉన్నవాడు తట్టుకోగలడు.

మూడు, సగటు లాభం. ఈ ఏడాది లాభం వదిలేసి, ఏడెనిమిదేళ్ల లాభనష్టాలు కూడి సగటు తీయండి. ఆ సగటుతో పీఈ లెక్కేయండి. అప్పుడు పీఈ 4 అన్నది ఒక్కోసారి 15 అవుతుంది, భయపెట్టిన 25 కాస్తా 7 అవుతుంది. పాత అప్పు, కొత్త షేర్లు కలిస్తే ఈ లెక్క మారుతుంది, కాబట్టి దీన్ని ఫైనల్ ఆన్సర్ అనుకోకండి.

నాలుగు, కొత్త కెపాసిటీ. అందరూ కొత్త ప్లాంట్లు ప్రకటిస్తున్నారంటే టమాటా అందరూ నాటుతున్నారని అర్థం. ప్రాజెక్టులు వాయిదా పడుతున్నాయి, పాత ప్లాంట్లు మూతపడుతున్నాయి అంటే, సరుకు తగ్గే రోజు దగ్గర పడుతోందని అర్థం.

మీ స్థోమత సంగతి?

ఇప్పుడు యాప్ తెరిస్తే బై బటన్ పక్కనే ఎంటీఎఫ్ అని కనిపిస్తుంది. 25,000 పెడితే చాలు, మిగతాది మేము ఇస్తాం, లక్ష విలువైన షేర్లు కొనుక్కో అంటారు. మిగతా 75,000కి రోజువారీ లెక్కన వడ్డీ. షేర్ 20 శాతం పడితే మీరు పెట్టిన 25,000లో 20,000 పోయినట్టు. ఇంకా మార్జిన్ కట్టమంటారు, కట్టకపోతే వాళ్లే అమ్మేస్తారు, అదీ అడుగున ఉన్నప్పుడు. సైక్లికల్ షేర్ మనం కొన్నాక ఇంకో 20, 30 శాతం పడటం చాలా మామూలు విషయం. అంటే ఎంటీఎఫ్‌లో సైక్లికల్ కొనడమంటే వడ్డీకి తెచ్చి కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టడమే.

ఆరు నెలల ఇంటి ఖర్చు ముందు పక్కన ఉండాలి. పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డ్ బకాయి ఉంటే అది ముందు కట్టేయాలి. చెల్లి పెళ్లికో, పైచదువుకో రెండేళ్లలో అవసరమయ్యే డబ్బుని ఇందులో పెట్టకూడదు. మొత్తం పెట్టుబడిలో ఇలాంటి ఒక్క షేర్ వాటా ఐదు శాతం దాటకపోతే రాత్రి నిద్రపడుతుంది.

కొనడం కూడా ఒకేసారి వద్దు. అడుగు ఎక్కడుందో ఎవరికీ ముందు తెలియదు. 60,000 పెట్టాలనుకున్నారు అనుకోండి. ఆరు భాగాలు చేసి మూడు నెలలకొకసారి 10,000 పెట్టండి. ఊహకి ధరలు ఇలా ఉన్నాయి అనుకుందాం: 100, 80, 70, 75, 90, 110. దాదాపు 700 షేర్లు వస్తాయి, సగటు ధర 85, 86 మధ్య. మొదటిరోజే మొత్తం పెట్టుంటే 100కి 600 షేర్లు. మీరు అడుగుని పట్టుకోలేదు, అయినా ఇబ్బంది లేదు. ప్రతి భాగం పెట్టే ముందు ఒక్కటే చెక్ చేయండి. ధర ఒక్కటే పడిందా, అప్పు సంగతి కూడా చెడిందా? అప్పు సంగతి చెడితే తర్వాతి భాగం ఆపేయండి. "యావరేజ్ చేస్తున్నా" అనే పేరుతో మునిగే పడవలో ఇంకో సంచి వేయకూడదు.

అమ్మడం కూడా ముందే రాసిపెట్టుకోండి, ఎందుకంటే వీటిని తరతరాలకి దాచుకునే షేర్లలా చూడకూడదు. పీఈ 4, 5కి వచ్చినప్పుడు, కంపెనీలు పోటీపడి కొత్త ప్లాంట్లు ప్రకటిస్తున్నప్పుడు, నిన్నటిదాకా సెల్ అన్న బ్రోకరేజీలు టార్గెట్ పెంచుతున్నప్పుడు, కొన్నట్టే భాగాలుగా అమ్ముకుంటూ రావాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇదంతా కరెక్ట్‌గా చేసినా, మూడు నాలుగేళ్లు షేర్ కదలకుండా ఉండొచ్చు. ఆ టైమ్‌లో ఇండెక్స్ ఫండ్‌లో పెట్టిన మీ ఫ్రెండ్ హాయిగా ముందుకెళ్లిపోవచ్చు. ఓపికకి కూడా ఖరీదు ఉంది. నెలకి రెండు మూడు గంటలు కూర్చుని రిపోర్టులు చదివే ఆసక్తి లేకపోతే ఇండెక్స్ ఫండ్‌లోనే ఉండండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

సరే, మొదటి రెండు మెసేజ్‌లకి ఆన్సర్. "పీఈ 4 ఉంది, కొనేయనా?" అన్న తమ్ముడూ, ముందు ఏడెనిమిదేళ్ల సగటు లాభంతో మళ్లీ లెక్కేసి చూడు. "డౌన్‌గ్రేడ్ చేశారు, అమ్మేయాలా?" అన్న బ్రో, రిపోర్ట్ లోపలి పేజీ తెరిచి చూడు. అక్కడ స్టీల్ ధర గురించి రాశారా, అప్పు గురించి రాశారా? ఆ తర్వాత, నువ్వు ఆ షేర్ కొన్న డబ్బు ఎవరిదో చూసుకో. నీదైతే ఆగే వీలుంది. వడ్డీకి తెచ్చిందైతే, బ్రోకరేజ్ ఏం చెప్పిందన్నది తర్వాతి సంగతి, ముందు ఆ అప్పు సంగతి చూడు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో షుగర్ కంపెనీల గురించి మాట్లాడుకుందాం. చెరకు ధర ఒకవైపు, ఇథనాల్ ఇంకోవైపు, మధ్యలో ప్రభుత్వం. అది ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. అప్పటిదాకా జాగ్రత్త. నమస్తే.